అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా: ఇన్‌కాయిస్ అలల సూచన మన తీరానికి ఎంతవరకు పనికొస్తుంది

సర్ఫింగ్ బోర్డు పట్టుకుని ఓడలరేవు, ఎస్.యానాం బీచ్‌లకు వెళ్లే కుర్రాళ్లకైనా, మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి వేటకెళ్లే ఫైబర్ బోటుకైనా ముందురోజు సాయంత్రం తేల్చుకోవాల్సింది ఒకటే. రేపు తెల్లవారేసరికి సముద్రం ఎలా ఉంటుంది? పైసా ఖర్చు లేకుండా దొరికే జవాబుల్లో హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, ఇచ్చే సముద్ర స్థితి సూచనే మొదట చూడదగ్గది. కాకపోతే చాలామంది పట్టికలో అల ఎత్తు ఉన్న గడి ఒక్కటి చూసి ఫోన్ పక్కన పెట్టేస్తారు. ఆ పట్టిక మొత్తంలో అతి తక్కువ సంగతి చెప్పే అంకె అదే.

1999లో మొదలైన ఈ సంస్థ కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద పనిచేస్తుంది. సునామీ హెచ్చరికలు, చేపలు దొరికే చోట్ల సమాచారం కూడా ఇక్కడి నుంచే వస్తాయి. అలల సూచనలో మూడేసి గంటలకొకసారి మొత్తం అల ఎత్తు, స్వెల్ (దూరం నుంచి వచ్చే అల) ఎత్తు, స్వెల్ పీరియడ్ (ఒక అల తర్వాత ఇంకో అల రావడానికి పట్టే సెకన్లు), స్వెల్ దిక్కు, గాలి వేగం, గాలి దిక్కు, పైనీటి ప్రవాహం ఉంటాయి. హెచ్చరికల్లో 5.30, 11.30, 17.30, 23.30 అనే వేళలే ఎందుకు కనిపిస్తాయంటే, లెక్కలన్నీ గ్రీనిచ్ కాలంలో సాగుతాయి. అక్కడి అర్ధరాత్రి మనకు తెల్లవారి ఐదున్నర. ఒక సంగతి ముందే గుర్తు పెట్టుకోవాలి. గాలి, అల దిక్కులు ఎటు నుంచి వస్తున్నాయో చెబుతాయి. ప్రవాహం దిక్కు మాత్రం నీరు ఎటు పోతోందో చెబుతుంది. ఈ రెండూ కలగాపులగం చేసుకుంటే సూచన సరిగ్గానే ఉన్నా మనం తలకిందులుగా చదువుతాం.

ఇక ఆ ఎత్తు గడి. అందులో 1.3 మీటర్లు అని ఉంటే ప్రతి కెరటమూ అంతే ఉంటుందని కాదు. వచ్చిన అలల్లో పెద్దవాటిని మూడో వంతు ఏరి, వాటి సగటు కడితే వచ్చేది ఆ అంకె. అదే పూట రెండు, మూడు గంటల్లో ఒక్క అలైనా దానికి దాదాపు రెట్టింపు ఉంటుందని లెక్క వేసుకోవాలి. పైగా అందులో రెండు రకాల అలలు కలిసి ఉంటాయి. అక్కడికక్కడే గాలి లేపిన చిన్న అలలు ఒకటి, ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల తుఫాను లేపితే గాలిని వదిలించుకుని వచ్చిన స్వెల్ ఇంకొకటి. ఈ రెండిటినీ మామూలుగా కూడకూడదు. ఒక్కోదాన్ని వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయాలి. స్వెల్ 1 మీటరు, గాలి అల 0.8 మీటరు ఉంటే మొత్తం 1.8 కాదు, సుమారు 1.3.

ఇదే 1.3 ఉన్న రెండు ఉదయాలు తీసుకుందాం. మొదటి రోజు స్వెల్ 1 మీటరు, పీరియడ్ 14 సెకన్లు, గాలి అల 0.8. రెండో రోజు స్వెల్ 0.3, మిగతాదంతా 5 సెకన్ల గాలి అల. గడిలో అంకె ఒకటే, సముద్రాలు మాత్రం రెండు. లోతు నీళ్లలో అల పొడవు కావాలంటే పీరియడ్‌ను వర్గం చేసి 1.56తో గుణించాలి. 14 సెకన్ల అల పొడవు 300 మీటర్లు దాటుతుంది, 5 సెకన్లది 40 మీటర్ల లోపే. అల తన పొడవులో సగం లోతుకు వచ్చినప్పుడు అడుగు తగలడం మొదలవుతుంది. అంటే మొదటిది 150 మీటర్ల లోతులోనే నేలను తాకి, నెమ్మదిస్తూ, ఒళ్లు పెంచుకుంటూ వస్తుంది. రెండోది 20 మీటర్ల దాకా ఏమీ ఎరగదు. ఒడ్డుకు నేరుగా వచ్చే పక్షంలో 1 మీటరు ఎత్తున్న 14 సెకన్ల స్వెల్ విరిగేటప్పటికి సుమారు 1.75 మీటర్లకు లేస్తుంది. అదే ఎత్తున్న 6 సెకన్ల అల 1.25 దగ్గరే తెల్లబడిపోతుంది. నీటి లోతులో ముప్పాతిక వంతు ఎత్తుకు చేరగానే అల విరుగుతుంది కాబట్టి, మొదటిది రెండు మీటర్లకు పైగా లోతున్న చోట, ఒడ్డుకు ఇంకా దూరంగానే విరుగుతుంది. బోర్డు వాళ్లకు అక్కడే పని. ఒడ్డున నడుం లోతులో స్నానం చేసేవాళ్లకు ప్రమాదమూ అక్కడి నుంచే వస్తుంది.

అందుకే ముందు పీరియడ్ చూడాలి, తర్వాత దిక్కు, ఆ తర్వాతే ఎత్తు. ఇన్‌కాయిస్ ఈ మూడూ విడివిడిగా ఇవ్వడమే ఈ సేవకున్న పెద్ద బలం. వార్తల్లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో వచ్చేది ఎత్తు ఒక్కటే.

దిక్కు విషయంలో మన గోదావరి డెల్టాకు ఒక ప్రత్యేకత ఉంది. సర్ఫింగ్ యాప్‌లు దాన్ని ఎక్కడా చెప్పవు. అంతర్వేది నుంచి గౌతమి మొగ దాకా గీత గీస్తే మన ఒడ్డు దక్షిణానికీ ఆగ్నేయానికీ మధ్యలోకి, ఉత్తరాన్ని సున్నాగా లెక్కిస్తే సుమారు 155 డిగ్రీల వైపు తిరిగి ఉంటుంది. ఇప్పుడు అట్లాస్ తీసి అంతర్వేది మీద స్కేలు పెట్టి నిలువుగా కిందికి లాగండి. స్కేలు దాదాపుగా శ్రీలంక తూర్పు కొసను తాకుతుంది. అంతర్వేది, ఆ కొస రెండూ 82 డిగ్రీల రేఖాంశానికి కాస్త ఇటుగానే ఉన్నాయి. అంటే దక్షిణ నైరుతి నుంచి, 190 నుంచి 200 డిగ్రీల మధ్య వచ్చే స్వెల్‌కు శ్రీలంక అడ్డుగోడ. అంతర్వేది, పేరుపాలెం వైపు ఆ నీడ బాగా పడుతుంది. తూర్పుకు జరిగే కొద్దీ నీడ అంచు తప్పుకుంటుంది. గౌతమి మొగ దగ్గరికి వచ్చేసరికి దక్షిణం కిటికీ మూడు డిగ్రీలు ఎక్కువ తెరుచుకుంటుంది, విశాఖకు ఇంకో నాలుగైదు డిగ్రీలు. స్వెల్ అంతా ఒకే గీత మీద రాదు, పక్కలకు కొంత పరుచుకుంటుంది కాబట్టి నీడలో ఏమీ ఉండదని కాదు, బలం తగ్గుతుందని అర్థం. కాబట్టి విశాఖకో, నడిసముద్రానికో ఇచ్చిన సూచన చూసి అంతర్వేదికి బయల్దేరకూడదు. విశాఖలో 15 సెకన్లు, 1.2 మీటర్లు, 185 డిగ్రీలు అని ఉన్న రోజున అంతర్వేదిలో అందులో సగం కూడా రాకపోవచ్చు. దిక్కు 165, 175 మధ్య ఉంటే మాత్రం డెల్టా పొడుగునా కెరటం నిండుగా వస్తుంది. డెల్టాకు దగ్గరగా ఉన్న బిందువు సూచనే తెరవాలి. అందులో శ్రీలంక నీడ లెక్క ముందే కలిసి ఉంటుంది.

ఈ దూరపు స్వెల్ ఎక్కడిది? దక్షిణార్ధగోళంలో 40, 50 డిగ్రీల అక్షాంశాల మధ్య తిరిగే తుఫానులది. అక్కడ చలికాలం ముదిరే ఏప్రిల్, మే నుంచి సెప్టెంబరు దాకా దాని జోరు. అల గుంపు ప్రయాణించే వేగం సెకనుకు ఎన్ని మీటర్లో తెలియాలంటే పీరియడ్‌ను 0.78తో గుణిస్తే చాలు. 17 సెకన్లకు గంటకు 48 కిలోమీటర్లు. దాదాపు 7000 కిలోమీటర్ల దారికి ఆరు రోజులు. అందుకే ఐదు రోజుల ముందు ఇచ్చిన స్వెల్ సూచనను ధైర్యంగా నమ్మవచ్చు. ఆ అల అప్పటికే పుట్టి దారిలో ఉంటుంది. గాలి సూచన అలా కాదు, మూడు రోజులు దాటితే దాన్ని అంచనాగానే తీసుకోవాలి. ఒకే పట్టికలో పక్కపక్కన ఉన్న రెండు వరుసలకు నమ్మకం ఒక్కలా ఉండదన్నమాట.

బంగాళాఖాతంలోని వాయుగుండం కథ వేరు. 600 కిలోమీటర్ల అవతల ఉన్న తుఫాను నుంచి 11 సెకన్ల స్వెల్ సుమారు 20 గంటల్లో మన ఒడ్డుకు చేరుతుంది. అది తూర్పు ఆగ్నేయం నుంచో ఆగ్నేయం నుంచో వస్తుంది, దానికి శ్రీలంక అడ్డు లేదు. అక్టోబరు, నవంబరుల్లో గాలి లేకుండా, ఆకాశం తేటగా ఉండగా ఆ దిక్కు నుంచి పీరియడ్ 6 నుంచి 11కు పెరిగిందంటే వాతావరణ శాఖ బులెటిన్ వెంటనే చూడాలి. ఆ రోజు బోర్డు బయటికి తీయాల్సిన రోజు కాదు.

ఇప్పుడు బోయ్‌ల దగ్గరికి వద్దాం. సూచన అంటే మోడల్ అనే కంప్యూటర్ లెక్క, బోయ్ అంటే నీటి మీద తేలుతూ అలల్ని కొలిచే పరికరం. ఒడ్డుకు దగ్గరగా ఇన్‌కాయిస్ వేసే వేవ్ రైడర్ బోయ్ పసుపు రంగు బంతిలా, మీటరుకు కాస్త తక్కువ అడ్డకొలతతో ఉంటుంది. లంగరు తాడులో సాగే రబ్బరు ముక్క ఉండడం వల్ల అలతో పాటు లేచి దిగగలుగుతుంది. అరగంట సేపు తన కదలికను నమోదు చేసి ఎత్తు, పీరియడ్, దిక్కు పంపుతుంది. నడిసముద్రంలో లంగరు వేసి ఉండే పెద్ద బోయ్‌లు చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవి. బంగాళాఖాతంలో ఉన్నవాటి పేర్లు బీడీ అక్షరాలతో మొదలవుతాయి.

మన చిక్కు ఏమిటంటే ఒడ్డున ఉండే బోయ్‌లు ఒకటి విశాఖపట్నం దగ్గర, మరొకటి కృష్ణపట్నం దగ్గర ఉన్నాయి. డెల్టా రెండిటికీ మధ్య. కృష్ణపట్నం దక్షిణాన ఉంది కదా, స్వెల్ ముందు అక్కడ తగిలి తర్వాత మనకు వస్తుందని చాలామంది అనుకుంటారు. శ్రీలంక నీడ మనకన్నా కృష్ణపట్నం మీద ఇంకా గట్టిగా పడుతుంది. దక్షిణపు స్వెల్ ఉన్న రోజు అక్కడి బోయ్ తక్కువ చూపిస్తే మనకూ తక్కువే అనుకోకూడదు. విశాఖ బోయ్‌కు నీడ తక్కువే కానీ, దక్షిణపు స్వెల్ మనల్ని దాటి వెళ్లాక, కాకినాడ నుంచి రెండు గంటల తర్వాత, అంతర్వేది నుంచి నాలుగు గంటల తర్వాత దానికి చేరుతుంది. ముందస్తు కబురు చెప్పదు, జరిగినదానికి సాక్ష్యం చెబుతుంది. ఆ సాక్ష్యం కూడా విలువైనదే. సూచనలో 14 సెకన్లని ఉండి విశాఖ బోయ్ నిన్నటి నుంచి 14 చూపిస్తూ ఉంటే మోడల్ ఈ స్వెల్‌ను సరిగ్గా పట్టుకుందని అర్థం, మర్నాటికి ఇచ్చిన అంకెల్ని నమ్మవచ్చు. ఈశాన్య రుతుపవనాల్లో వరస తిరగబడుతుంది. అలలు ఈశాన్యం నుంచి వస్తాయి కాబట్టి అప్పుడు విశాఖ బోయే మనకు ముందు వరుసలో ఉంటుంది.

బోయ్ పట్టికలో కొత్తవాళ్లను బెదరగొట్టేది పీరియడ్ గెంతులు. ఒక అరగంట 6 సెకన్లు, తర్వాతి అరగంట 15, మళ్లీ 6. బోయ్ పాడైందని రాసేస్తుంటారు. పాడవలేదు. అక్కడ రాసేది ఎక్కువ బలమున్న అలల పీరియడ్. గాలి అలా, స్వెల్లూ ఇంచుమించు సమాన బలంతో ఉన్నప్పుడు ఒకసారి ఇది గెలుస్తుంది, ఒకసారి అది. నిజానికి ఆ గెంతులే కొత్త స్వెల్ అడుగు పెడుతోందనే మొదటి కబురు. ఎత్తు కదలకుండా పీరియడ్ ఒక్కసారి 8 నుంచి 17కు పెరిగితే స్వెల్ ముందుభాగం వచ్చింది. పొడవైన అలలు వేగంగా నడుస్తాయి కాబట్టి అవే ముందొస్తాయి. తర్వాత ఒకటి రెండు రోజుల్లో పీరియడ్ 17 నుంచి 14కు, 12కు దిగుతూ ఎత్తు పెరుగుతుంది. సర్ఫింగ్‌కు ఆ మధ్య భాగమే మంచి కాలం. ఇంకో తిరకాసు ఉంది. కొన్ని పట్టికలు సగటు పీరియడ్ ఇస్తాయి. అది ఎప్పుడూ బలమైన అల పీరియడ్ కన్నా తక్కువే ఉంటుంది. ఒకచోట 8, ఇంకోచోట 15 కనిపిస్తే రెండూ నిజమే కావచ్చు. గడి తలమీద ఏం రాసుందో చూడకుండా పోల్చకూడదు.

బోయ్ కబురు కొన్నిసార్లు రోజుల తరబడి ఆగిపోతుంది. బోయ్ కింద చేపలు చేరతాయి, దాన్ని చూసి పడవలు బోయ్‌కే కట్టేస్తారు, లంగరు తెగుతుంది, పరికరం దెబ్బతింటుంది. మన వేటగాళ్ల ప్రాణాలకు కాపలా కాసే యంత్రమది. దానికి తాడు కట్టవద్దని ప్రతి రేవులోనూ పెద్దలు చెప్పాలి.

గాలి విషయంలో ఈ సేవకు తక్కువ మార్కులే పడతాయి. మన ఒడ్డుకు నేల వైపు నుంచి, వాయవ్యం నుంచి వీచే గాలి కెరటం ముఖాన్ని నున్నగా నిలబెడుతుంది. తెల్లవారుజామున నేల చల్లబడి వీచే గాలి అదే. పది, పదకొండు గంటలకు సముద్రపు గాలి తిరగబడితే అంతటితో సరి, అల ముక్కలైపోతుంది. ఈ మార్పు ఒడ్డు నుంచి కొద్ది కిలోమీటర్ల వెడల్పులో జరుగుతుంది. మోడల్ గడులు అంత చిన్నవి కావు, అందుకే పట్టికలో గాలి రోజంతా ఒకేలా కనిపిస్తుంటుంది. అలాంటప్పుడు కంటిని నమ్మాలి. 7 నుంచి 10 నాట్ల గాలికి అక్కడక్కడా తెల్ల నురగ మొదలవుతుంది, 11 దాటితే నీటి మీద విరివిగా కనిపిస్తుంది. నాటు అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. నైరుతి గాలి మన ఒడ్డు వెంబడి సాగుతూ కొంచెం సముద్రం వైపు నుంచే వస్తుంది. అది జోరుగా ఉన్న జులైలో స్వెల్ ఎంత మంచిదైనా మధ్యాహ్నానికి నీరు చిందరవందరగా ఉంటుంది. ఒడ్డు వెంబడి తూర్పుకు లాగే ప్రవాహం కూడా గట్టిగా ఉంటుంది. నీళ్లలో దిగిన చోటికే తేలతామనుకోవద్దు.

మొగల దగ్గరికి వస్తే ఈ సూచనకు పదికి రెండు మార్కులు కూడా ఇవ్వలేం, అది సంస్థ తప్పూ కాదు. మోడల్‌కు అడుగు లోతు తెలియాలి. వశిష్ఠ, వైనతేయ, గౌతమి మొగల్లో ఇసుక మేట ప్రతి వరదకూ చోటు మారుస్తుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి పోయిన నీరు తన వెంట ఎంత ఇసుకను తీసుకుపోయి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఏ కంప్యూటర్‌లోనూ ఆ కొత్త మేట ఉండదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మన దగ్గర పోటుకూ పాటుకూ తేడా సుమారు మీటరున్నర. పాటు పట్టాక నది నీరు, లోపలి నీరు కలిసి సముద్రంలోకి దూకుతాయి. ఎదురుగా స్వెల్ వస్తే ప్రవాహం అలను వెనక్కి నెట్టి కుదించి, నిటారుగా నిలబెడుతుంది. బయట 1 మీటరు, 14 సెకన్లు ఉన్న అల మేట మీద పడవ ముక్కును పైకెత్తి తిరగేసే గోడ అవుతుంది. పోటు ఎక్కుతున్నప్పుడో, నిలకడ మీద ఉన్నప్పుడో దాటితే అదే అల మెత్తగా ఉంటుంది. పోటు వేళలు సూచనలోనే దొరుకుతాయి. వాటిని స్వెల్ పీరియడ్ పక్కన పెట్టి చదవాలి. 12 సెకన్లకు పైగా ఉన్న రోజు పాటు నడి మధ్యలో మొగ దాటకపోవడమే సరి. దాటక తప్పకపోతే కనీసం 20 నిమిషాలు గట్టు మీద నిలబడి చూడాలి. దూరపు స్వెల్ విడతలు విడతలుగా వస్తుంది. నాలుగైదు పెద్ద కెరటాలు, తర్వాత నిమిషాల కొద్దీ నెమ్మది. ఆ నెమ్మది చూసి బయల్దేరినవాళ్లే నడి మేట మీద తర్వాతి విడతకు దొరికిపోతారు.

స్వెల్ సర్జ్ హెచ్చరికల్ని మాత్రం ఈ సేవలో మెచ్చుకోవాలి. కేరళలో కళ్ళక్కడల్ అంటారు, దొంగ సముద్రం అని అర్థం. మబ్బు లేదు, గాలి లేదు, ఒడ్డు మీదికి నీరు తోసుకొస్తుంది. 2024 మే 6న కన్యాకుమారి జిల్లా లెమూర్ బీచ్‌లో ఐదుగురు వైద్య విద్యార్థులు మునిగిపోయారు. అప్పటికే ఇన్‌కాయిస్ హెచ్చరిక అమల్లో ఉంది. జిల్లా పేరు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, పీరియడ్ ఎంత, ఎత్తు ఎంత అని ఆ హెచ్చరికలో ఉంటుంది. అందులో ఎత్తు మీటరు లోపే ఉండవచ్చు, 16, 18 సెకన్ల అంకెను చూసి జాగ్రత్తపడాలి. ఎత్తు తక్కువే కదా అని బీచ్‌కు పిల్లల్ని తీసుకెళ్లకూడదు. లోపమల్లా, ఆ అంకెకు అర్థం ఏమిటో మామూలు మనిషికి తెలిసేలా తెలుగులో నాలుగు వాక్యాలు దాని పక్కన ఉండవు. అదొక్కటి చేరిస్తే ఈ సేవ విలువ రెట్టింపవుతుంది.

పక్కన పెట్టుకోవాల్సినవి రెండు మూడు ఉన్నాయి. విండీ అనే వాతావరణ యాప్‌లో స్వెల్ 1, స్వెల్ 2, గాలి అలలు వేర్వేరు పొరలుగా కనిపిస్తాయి. యూరప్ మోడల్‌ను, అమెరికా మోడల్‌ను మార్చి మార్చి చూడవచ్చు. ఎత్తులో 0.2 మీటరు, పీరియడ్‌లో ఒక సెకను తేడాతో రెండూ, ఇన్‌కాయిస్ అంకె ఒకే మాట చెబితే బోర్డు తీసుకుని బయల్దేరవచ్చు. తేడా అంతకు మించితే ఇంకో రోజు ఆగి చూడాలి. డబ్బు కట్టించుకునే అంతర్జాతీయ సర్ఫింగ్ యాప్‌ల నక్షత్రాల రేటింగులు డెల్టాకు పనికిరావు. రాతి అడుగు, ఇసుక తిన్నెలు తెలిసిన బీచ్‌ల కోసం కట్టిన లెక్క అది. మన ఒడ్డు పొడవునా ఒకే వాలు, కెరటం చాలా రోజుల్లో ఒక్కసారిగా గోడలా విరుగుతుంది. చీలి నడిచే అల కావాలంటే మొగలకు అర కిలోమీటరు అవతల, మేట కొసల దగ్గర వెతకాలి.

వేటగాళ్లకు స్వామినాథన్ ఫౌండేషన్ వారి ఫిషర్ ఫ్రెండ్ యాప్‌లో ఇదే సమాచారం తెలుగులో వస్తుంది. సెల్ టవర్ అందని దూరానికి 2019లో విడుదలైన జెమిని పరికరం ఉంది. గగన్ ఉపగ్రహ సంకేతాన్ని అందుకుని బ్లూటూత్‌తో ఫోన్‌కు పంపుతుంది. అది వినడానికే, తిరిగి కబురు పంపడానికి కాదు. కాబట్టి దాన్ని నమ్ముకుని వైర్‌లెస్ సెట్ ఇంటి దగ్గర వదిలి వెళ్లకూడదు.

కాకినాడ వాళ్లకు ఒక మాట. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ వెనక ఉన్న అఖాతంలో నీరు చెరువులా ఉన్నా, అక్కడి నుంచి కొద్ది దూరంలోనే ఉన్న ఉప్పాడ రోడ్డు మీద అదే గంటలో కెరటం విరుచుకుపడుతూ ఉండవచ్చు. ఒడ్డున నిలబడి పట్టికలో అంకెతో పోల్చుకునేవాళ్లు దిబ్బ చాటున కాకుండా ఉప్పాడ వైపు వెళ్లి చూడాలి.